‘కేర్’ అనే మాటకి జర్మన్‌లో ఏం రాయాలి? ఒక్క ఉత్తరంలో పదకొండు ఎర్ర గీతలు

మహేంద్రతనయ ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లు పనిచేశాను, అందులో రెండేళ్లు ఐసీయూలో. ఇప్పుడు ఇంటికొచ్చి, జర్మనీ వెళ్లడానికి జర్మన్ చదువుతున్నాను. మధ్యస్థాయి జర్మన్ పరీక్ష బి1, నాలుగు భాగాలూ పాసయ్యాను. దాని పై మెట్టు బి2 క్లాసు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఆన్‌లైన్‌లో ఉంటుంది.

నా ఇబ్బంది అంతా ఒక్క ఇంగ్లిష్ మాటతో. కేర్.

అక్కడి ఆసుపత్రికి పంపడానికి మోటివేషన్ లెటర్ రాయాలి. ముందు ఇంగ్లిష్‌లో రాసుకుని తర్వాత జర్మన్‌లోకి మార్చాను. ఒక పేజీ ఉత్తరంలో కేర్ పదకొండు సార్లు వచ్చింది. పేషెంట్ కేర్, వూండ్ కేర్, ఇంటెన్సివ్ కేర్, కేర్ ప్లాన్, ఐ కేర్ అబౌట్ మై పేషెంట్స్, ఐ టుక్ కేర్ ఆఫ్ మై గ్రాండ్‌మదర్, ఇలా. ఫోన్‌లో డిక్షనరీ తెరిస్తే మొదట కనిపించిన మాట ‘జోర్గె’. పదకొండు చోట్లా అదే పెట్టేశాను. మా జర్మన్ మేడమ్ పదకొండు చోట్లా ఎర్ర గీత గీసి తిప్పి పంపారు. కింద ఒక్క వాక్యం రాశారు: ‘ఇది చదివినవాళ్లు నువ్వు పొద్దస్తమానం దిగులుపడుతూ కూర్చునే మనిషివి అనుకుంటారు.’

జోర్గె అంటే ముందు గుర్తొచ్చేది చింత, దిగులు అట. ‘ఇష్ జోర్గె మిష్ ఉమ్ మైనె పట్సియెంటెన్’ అని రాస్తే నా రోగుల గురించి నాకు బెంగగా ఉంది అని అర్థం వస్తుందట. నేను చెప్పాలనుకున్నది అది కాదు.

అంతకు ముందు వారం మాట్లాడే ప్రాక్టీసులో ఇంకోటి జరిగింది. వార్డులో రోజూ ఏం చేస్తావని అడిగారు. ‘ఫెర్‌జోర్గెన్’, అంటే కావలసినవి అందించి చూసుకోవడం, అనాల్సిన చోట తొందరలో ‘ఎంట్‌జోర్గెన్’ అన్నాను. ఎంట్‌జోర్గెన్ అంటే చెత్త పారేయడం. రోగుల్ని పారేస్తాను అన్నట్టయింది. ఎవరూ నవ్వలేదు, మేడమ్ నెమ్మదిగా సరిచేశారు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగేళ్లు ఏ పని ప్రాణం పెట్టి చేశానో, ఆ పని గురించి అలా నా నోటితోనే అన్నాను కదా అని.

ఇంగ్లిష్ కేర్ నా బుర్రలో ‘చూసుకోవడం’ గానే ఉంది. పేషెంట్‌ని చూసుకోవడం, పుండుని చూసుకోవడం, మామ్మని చూసుకోవడం. అన్నిటికీ ఒకటే. వార్డులో ఒడియా పేషెంట్లతో ఒడియాలో, మనవాళ్లతో తెలుగులో మాట్లాడేదాన్ని, కొండ మీద నుంచి వచ్చిన సవర ముసలమ్మలతో సైగలతో నెట్టుకొచ్చేదాన్ని. ఎక్కడా ఇంత అవస్థ పడలేదు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైన వాక్యం మామ్మ గురించిన వాక్యం. మా మామ్మ పక్షవాతంతో రెండేళ్లు మంచంలోనే ఉంది. నేను అప్పుడు ఇంటర్. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తడిగుడ్డతో నోరు తుడవడం, చెంచాతో గంజి పట్టడం అన్నీ అమ్మా నేనూ చేశాం. చివరి రోజు వరకూ మామ్మ వీపు మీద ఒక్క పుండు పడలేదు. నేను నర్సింగ్‌లో చేరింది అందుకే. ఆ ఒక్క వాక్యమైనా తప్పు లేకుండా రాయాలని ఉంది.

కేర్‌కి ఎక్కడ ఏ మాట వాడాలో తేల్చుకోవడానికి ఏదైనా దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాశీనగర్ కుర్రాడు:

అక్కా, విడి మాట కాకుండా వాక్యం మొత్తం ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వెయ్యి. ఇప్పుడు బాగానే ఇస్తున్నాయి.

మహేంద్రతనయ ఒడ్డు:

వేశాను తమ్ముడూ. మామ్మ వాక్యాన్ని కొంచెం కొంచెం మార్చి మూడు సార్లు వేస్తే మూడు రకాలుగా వచ్చింది. ఒకదాంట్లో ‘గెప్ఫ్లేగ్ట్’, ఇంకోదాంట్లో ‘గెక్యుమర్ట్’, మూడోదాంట్లో ‘మోఖ్టె’. మోఖ్టె అంటే నాకు మామ్మ అంటే ఇష్టం ఉండేది అని. ఇంగ్లిష్‌లో కేర్ ఫర్ అంటే ఇష్టపడటం అని కూడా ఉంది కదా, దాన్ని పట్టుకుంది. జర్మన్‌గా మూడూ సరైనవే. వాటిలో నాది ఏదో యాప్‌కి తెలీదు. నాకూ తెలీక ఇక్కడ అడుగుతున్నాను.

రాయగడ సిస్టర్:

చెల్లీ, నీ పోస్టు చదివి నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. మాది రాయగడ. నేను జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర ముందు వృద్ధుల హోమ్‌లో, ఇప్పుడు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నైట్ డ్యూటీ అయి ఇప్పుడే వచ్చాను, కానీ నీకు జవాబు రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

ముందు నీ మామ్మ వాక్యం. ‘ఇష్ హాబె మైనె గ్రోస్‌ముట్టర్ ట్స్వై యారె లాంగ్ ట్సు హౌజె గెప్ఫ్లేగ్ట్.’ నేను మా మామ్మకి రెండేళ్లు ఇంట్లో సేవ చేశాను. నువ్వు చేసిన పనికి ప్ఫ్లేగెన్ తప్ప ఇంకో మాట లేదు. తిప్పడం, తుడవడం, తినిపించడం, ఒళ్లు శుభ్రం చేయడం, ఇవి జర్మన్ వాళ్లకి ప్ఫ్లేగె. క్యుమర్న్ కూడా తప్పు కాదు, కానీ అది మెత్తని మాట. మందులు తెచ్చిపెట్టినా క్యుమర్నే, రోజూ ఫోన్ చేసి కనుక్కున్నా క్యుమర్నే. హెడ్ నర్సు నీ ఉత్తరంలో గెప్ఫ్లేగ్ట్ అని చదివిందంటే, ఈ అమ్మాయి చేతులకి పని తెలుసు అని ఆ ఒక్క మాటతోనే అర్థమైపోతుంది.

ఒక్కటి మాత్రం అస్సలు రాయకు. ‘మామ్మకి నేను బెట్రోయరిన్‌ని’ అని. నేను దాదాపు రాసేశాను అప్పట్లో. ఇక్కడి చట్టంలో బెట్రోయర్ అంటే, తన వ్యవహారాలు తాను చూసుకోలేని పెద్దవాళ్ల కోసం కోర్టు నియమించే మనిషి. ఆ చట్టం 1992 నుంచి ఉంది. బ్యాంకు పనులు, సంతకాలు, ఆపరేషన్‌కి ఒప్పుకోవడం లాంటివి ఆ మనిషి చూస్తారు. ఆ మాట ఒంటరిగా కనబడితే ఏ కోర్టు పెట్టింది నిన్ను అని అడుగుతారు.

అలాగని బెట్రోయుంగ్ అనే మాట మొత్తం వదిలేయాలని కాదు. హోమ్‌లో రెండు రకాల వాళ్లం ఉండేవాళ్లం. స్నానం, డైపర్లు, మందులు, డ్రెస్సింగ్ మాది, అది ప్ఫ్లేగె. పేపర్ చదివి వినిపించడం, పాటలు పాడించడం, తోటలోకి నడిపించుకెళ్లడం వేరే వాళ్లది, అది బెట్రోయుంగ్. ఒకే ముసలాయన, ఒకే ఉదయం. ఇంగ్లిష్‌లో అయితే రెండూ కేరే. చిన్నపిల్లల్ని పగలంతా ఉంచుకుని చూసుకోవడానికీ బెట్రోయుంగ్ అనే అంటారు, కస్టమర్ కేర్‌కీ అదే.

ఇక ఫెర్‌జోర్గుంగ్. నిన్ను నిద్ర పోనివ్వని మాటకి అక్క ఇది. అవసరమైనవన్నీ అందేలా చూడటం అని దీని అర్థం. ఊరికి కరెంటు, నీళ్లు అందించడం కూడా ఫెర్‌జోర్గుంగే. నీ పేషెంట్ కేర్ ‘పట్సియెంటెన్‌ఫెర్‌జోర్గుంగ్’ అవుతుంది. డాక్టరు, నర్సు, మందు, భోజనం అన్నీ కలిసిన మాట. వూండ్ కేర్ ‘వుండ్‌ఫెర్‌జోర్గుంగ్’. కానీ నోటి శుభ్రత ‘ముంట్‌ప్ఫ్లేగె’, చర్మానిది ‘హౌట్‌ప్ఫ్లేగె’. ఎందుకు తేడా అని నేను మా వార్డులో ఒక పెద్ద సిస్టర్‌ని అడిగాను. నోరు, చర్మం రోజూ ఉండేవి, వాటిని రోజూ బాగుంచుకోవాలి, పుండు వచ్చిపడింది, దానికి కావలసింది చేసి మాన్పాలి అంది. పుస్తకంలో ఎలా ఉందో గానీ నాకు మాత్రం అప్పటి నుంచి ఆ తికమక పోయింది. తోటని, సమాధిని బాగుంచడానికి కూడా ప్ఫ్లేగె అనే అంటారు ఇక్కడ.

ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌కి ‘ఇంటెన్జీఫ్‌ష్టాట్సియోన్’ అంతే. కేర్ ఎగిరిపోయింది, దాని కోసం వెతకకు. కేర్ ప్లాన్ ‘ప్ఫ్లేగెప్లానుంగ్’. డిశ్చార్జి తర్వాత చూసేది ‘నాఖ్‌జోర్గె’, జబ్బు రాకముందే చేయించుకునే పరీక్షలు ‘ఫోర్‌జోర్గె’. చూశావా, జోర్గె ఇక్కడ బతికే ఉంది, కానీ ముందో వెనకో ఒక తోడు తెచ్చుకుంది. ఒంటరిగా ఉంటేనే దిగులు.

ఇంకోటి. ఐ కేర్ అబౌట్ మై పేషెంట్స్‌కి వాళ్ల సొంత పలుకుబడి ఉంది: ‘మైనె పట్సియెంటెన్ లీగెన్ మీర్ అమ్ హెర్ట్సెన్.’ రోగులు నా గుండెకి దగ్గర అని. కానీ నేనైతే ఆ వాక్యం కూడా తీసేస్తాను. అందరి ఉత్తరాల్లోనూ ఉంటుంది అది. ఆ చోట నువ్వు ఐసీయూలో ఒక రాత్రి ఏం చేశావో రాయి. మామ్మ వీపు మీద పుండు పడలేదన్నావే, అది రాయి. దానికి ఇక్కడ మాట ‘డెకుబిటుస్’. రెండేళ్లు మంచంలో ఉన్న మనిషికి డెకుబిటుస్ రానివ్వలేదంటే అర్థమేంటో ఇక్కడ ప్రతి నర్సుకీ తెలుసు.

ఈ ప్ఫ్లేగె చుట్టూ ఈ దేశంలో ఎంత ఉందో వచ్చాక చూస్తావు. 1995 నుంచి దానికి విడిగా బీమా ఉంది, ప్ఫ్లేగెఫెర్‌జిషెరుంగ్. ఒక మనిషికి ఎంత సాయం కావాలో చూసి ‘ప్ఫ్లేగెగ్రాడ్’ ఇస్తారు, 2017 నుంచి ఒకటి నుంచి ఐదు వరకు. 2020లో మొదలైన కొత్త చదువు పూర్తిచేసినవాళ్ల హోదా పేరే ‘ప్ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’, మగవాళ్లయితే ‘ప్ఫ్లేగెఫాఖ్‌మాన్’. అయినా పేషెంట్లు ఇంకా ‘ష్వెస్టర్’ అనే పిలుస్తారు. అంటే సిస్టరే. మొదటిసారి అలా పిలిచినప్పుడు బరంపురం వార్డులో ఉన్నట్టే అనిపించింది నాకు.

గుణుపురం మాస్టారు:

అమ్మా, నాకు జర్మన్ రాదు. నలభై ఏళ్లు ఒడిశా బళ్లలో తెలుగు చెప్పాను. నీ ప్రశ్నలో ‘చూసుకోవడం’ దగ్గర నా దృష్టి ఆగింది, దాని గురించి నాలుగు మాటలు.

ఇంగ్లిష్ కేర్‌కి ఇన్ని అర్థాలేమిటని నీకు ఇప్పుడు అనిపిస్తోంది. మన మాటనే జర్మన్ వాడి కళ్లతో చూడు. ‘బస్సు దిగేటప్పుడు మెట్టు చూసుకో.’ ‘పాప ఏడుస్తోంది, కాస్త చూసుకో.’ ‘ముసలాయన్ని కోడలే చూసుకుంటోంది.’ ‘రెండో అమ్మాయికి సంబంధం చూసుకుంటున్నారు.’ ‘అద్దంలో చూసుకుంది.’ ఆఖరుగా, గట్టు తగాదాలో ‘నీ సంగతి చూసుకుంటాను.’ పాపని చూసుకోవడానికీ, పక్క పొలం వాడి సంగతి చూసుకోవడానికీ మాట ఒకటే. మన పిల్లలెవరూ పొరపాటు పడరు, ఎందుకంటే వాళ్లు మాటని విడిగా నేర్చుకోలేదు. అమ్మ నోట వాక్యంగా విన్నారు. మన ఒడియా ఇరుగుపొరుగుని అడిగినా రోగికి చేసేది సేబా అంటారు, పదిలంగా కాపాడుకునేది జత్న అంటారు. వాళ్లు విడదీసిన చోట మనం కలిపాం, ఇంకోచోట వాళ్లు కలుపుతారు.

మీ ఊళ్లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకున్నారు. అప్పుడు చూసుకుని నేర్చుకోవడానికి సవరకి నిఘంటువు ఎక్కడుంది? తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన నోట విని నేర్చుకున్నారు. ఆ తర్వాతే నిఘంటువు రాశారు. నువ్వు వార్డులో సవర అమ్మలతో సైగలతో మాట్లాడానన్నావు చూడు, ఆ భాష కోసం ఆయన ఏళ్లు ధారపోశారు.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29. అదే ఏడాది సెప్టెంబరు 20న జర్మనీలో యాకోబ్ గ్రిమ్ కన్నుమూశారు. తమ్ముడితో కలిసి 1838లో జర్మన్ భాషకి పెద్ద నిఘంటువు మొదలుపెట్టి, ‘ఫ్రుఖ్ట్’, అంటే పండు, అనే మాట రాస్తుండగా పోయారు. ఆ పని వేరేవాళ్లు పట్టుకుని 1961లో పూర్తి చేశారు. నూట ఇరవై మూడేళ్లు! ఎందుకంత కాలమంటే, ఒక్కో మాట కింద దాన్ని ఎవరెవరు ఎలా వాడారో వాక్యాలు ఏరి పెట్టారు. వాళ్లకే అంత పట్టింది, నువ్వు పదకొండు ఎర్ర గీతలకి నిద్ర మానుకోకమ్మా.

నాదొక సలహా. నోటుబుక్కులో కేర్ = అది, కేర్ = ఇది అని రాయకు. రాయగడ అమ్మాయి ఇచ్చినట్టు మొత్తం వాక్యం రాసుకో. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో జర్మన్. మధ్యలో ఇంగ్లిష్ ఎందుకు? నువ్వు మామ్మకి గంజి పట్టింది ఇంగ్లిష్‌లో కాదు కదా.

బరంపురం అనువాదం:

మాస్టారి చివరి మాటకి నమస్కారం. నేను ఇంగ్లిష్, జర్మన్ మధ్య సాంకేతిక పత్రాల అనువాదం చేస్తాను, ఆసుపత్రి పరికరాలవి ఎక్కువ. రెండు విషయాలు చెప్పి ఆపుతాను.

మొదటిది, మీ మేడమ్ జోర్గె దిగులు అని ఎందుకన్నారో దాని పుట్టుకలోనే ఉంది. జోర్గెకి ఇంగ్లిష్‌లో చుట్టం కేర్ కాదు, సారో. దుఃఖం. ఇక ఇంగ్లిష్ కేర్‌కి జర్మన్‌లో ఉన్న చుట్టం ఈస్టర్ ముందు రోజుల పేర్లలో కనిపిస్తుంది: ‘కార్‌ఫ్రైటాగ్’, గుడ్‌ఫ్రైడే, అలాంటిదే. ఆ ‘కార్’ అంటే పాత జర్మన్‌లో విలాపం. అంటే కేర్ కూడా ఒకప్పుడు ఏడుపే. ఇంగ్లిష్‌లో అది బెంగ నుంచి సేవ వైపు నడిచింది, జర్మన్‌లో సేవకి ప్ఫ్లేగెన్ అనే వేరే మాట దొరికింది. దాని కడుపున పుట్టినదే ‘ప్ఫ్లిష్ట్’, కర్తవ్యం. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. మన ‘చింత’ కూడా ఒకప్పుడు ఆలోచన, ఇప్పుడు దిగులు.

జాగ్రత్త అనే అర్థం మాత్రం పూర్తిగా వేరే దారి. పెట్టె మీద హ్యాండిల్ విత్ కేర్‌కి ‘ఫోర్‌జిష్ట్’ అని రాస్తాను. పనిని శ్రద్ధగా చేశారు అనడానికి ‘జోర్గ్‌ఫెల్టిష్’. ఒకసారి ఒక పరికరం మాన్యువల్లో ‘డ్యూటీ ఆఫ్ కేర్’ వచ్చింది. ప్ఫ్లేగె పెట్టి ఉంటే నర్సు డ్యూటీ అయ్యేది. అక్కడ కావలసింది చట్టం మాట, ‘జోర్గ్‌ఫాల్ట్స్‌ప్ఫ్లిష్ట్’, ఎదుటివాళ్లకి హాని కలగకుండా శ్రద్ధ వహించాల్సిన బాధ్యత. జోర్గె, ప్ఫ్లిష్ట్ రెండూ అందులో కలిసి కూర్చున్నాయి.

రెండోది, ముఖ్యం. ఉత్తరం మీరే రాయండి, కానీ అనుభవ ధ్రువపత్రం, మార్కుల పత్రాలు మీరు అనువదించొద్దు. మీ నర్సింగ్ చదువుకి అక్కడి గుర్తింపు కోసం పంపే కాగితాలకి సాధారణంగా ప్రమాణం చేసిన అనువాదకుల ముద్ర అడుగుతారు. కాకపోతే ఇచ్చేముందు మీ ఆసుపత్రి ఇచ్చిన ఇంగ్లిష్ కాగితం ఒకసారి చదవండి. ‘పేషెంట్ కేర్’ అని ఒక్క ముక్కలో రాసి ఉంటే, వెంటిలేటర్, ట్రాకియాస్టమీ (గొంతు దగ్గర పెట్టే శ్వాస గొట్టం), డ్రెస్సింగులు, ఎన్ని పడకలు అని విడివిడిగా రాయించుకోండి. అనువాదకుడికి మీ వార్డు తెలీదు. కాగితంలో లేనిది ఆయన పెట్టలేడు.

మహేంద్రతనయ ఒడ్డు:

అక్కా, మాస్టారూ, సార్, మీ ముగ్గురికీ ఎలా చెప్పాలో తెలీడం లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఇదే పనిలో ఉన్నాను.

మాస్టారు చెప్పినట్టు ఇంగ్లిష్ కాగితం పక్కన పెట్టేసి, ఎడమ పేజీలో తెలుగులో రాసుకున్నాను. రాస్తుంటే తెలిసింది, ఆ పదకొండింట్లో నాలుగు చోట్ల నాకు చెప్పడానికి ఏమీ లేదు. ఖాళీ కనబడకుండా కేర్ అని నింపాను. ఆ నాలుగూ కొట్టేశాను. మిగిలిన వాటిలో మూడు ప్ఫ్లేగె, రెండు ఫెర్‌జోర్గుంగ్, ఒకటి ఇంటెన్జీఫ్‌ష్టాట్సియోన్, ఒకటి జోర్గ్‌ఫెల్టిష్. గుండెకి దగ్గర అన్న వాక్యం పెట్టి తీసేశాను. దాని చోట ఇది రాశాను, తెలుగులో చెప్తాను: ‘ఐసీయూలో నాకు రాత్రికి ఇద్దరు రోగులు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి నోరు శుభ్రం చేసి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, తెల్లవారి డ్యూటీ అప్పగించేటప్పుడు అన్నీ చెప్పి వెళ్లేదాన్ని. ఈ పని మొదట మా ఇంట్లో నేర్చుకున్నాను.’ దాని తర్వాత మామ్మ వాక్యం, డెకుబిటుస్‌తో సహా.

అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. మామ్మని తిప్పేటప్పుడు నడుం కింద పాత చీర మడత పెట్టేవాళ్లం, అది రాయలేదేం అంది. అది కూడా చేర్చాను. చీరకి జర్మన్ వెతకలేదు, ‘జారీ’ అనే రాశాను.

అనుభవ పత్రం మళ్లీ రాయించుకోవడానికి సోమవారం బరంపురం వెళ్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఉత్తరం చివర ఇంగ్లిష్‌లో ‘టేక్ కేర్’ అని అలవాటుగా రాస్తాం కదా. జర్మన్‌లో?

రాయగడ సిస్టర్:

ఆఫీసు ఉత్తరానికి అది వద్దు చెల్లీ. ‘మిట్ ఫ్రోయింట్లిషెన్ గ్ర్యుసెన్’ అని రాసి కింద పేరు, అంతే. స్నేహంగా నమస్కారాలతో అని.

సొంత మనుషులకైతే ‘పాస్ గూట్ ఔఫ్ డిష్ ఔఫ్’ అంటారు. నువ్వు పడకలో ఉన్నావనీ కాదు, నీకేదో అయిందనీ కాదు. నిన్ను నువ్వు బాగా చూసుకో అని. సోమవారం నువ్వు బరంపురం బస్సెక్కేటప్పుడు మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఏమంటుందో, అదే.